ఒక్క సబ్జెక్టుకు కట్టుబడని కట్టమంచి

ఏటా మన వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా కవి గురించి మన హాస్టల్ సోదరులు ఎన్నోసార్లు రాశారు, ఇంకా రాస్తారు. ఈసారి మేము దగ్గరి ఊరి మనిషిని ఎంచుకున్నాం. గూడూరు జంక్షన్‌లో రేణిగుంట వైపు బండి ఎక్కి తిరుపతి, పాకాల దాటిపోతే చిత్తూరు వస్తుంది. ఆ చిత్తూరును ఆనుకొని ఒకప్పుడు విడిగా ఉండి, ఇప్పుడు పట్టణంలో కలిసిపోయిన పల్లె కట్టమంచి. కట్టమంచి రామలింగారెడ్డి గారు అక్కడివారు. తెలుగు ఎం.ఏ. చదివిన వాళ్ళకు ఆయన విమర్శకుడు. విశాఖపట్నంలో చదివిన వాళ్ళకు వైస్ ఛాన్సలర్. ఏలూరు వాళ్ళకు ఒక కాలేజీ పేరు. ఎకనామిక్స్ చదివిన వాళ్ళకు ఆయన అర్థశాస్త్రం రాశారన్న సంగతి తెలియకపోవచ్చు. చరిత్ర చదివిన వాళ్ళకు ఆయన చరిత్ర ప్రొఫెసరన్న సంగతీ తెలియకపోవచ్చు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క దొరికిందంతే. మనిషి మొత్తంగా ఎవరికీ దొరకలేదు.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, మన హాస్టల్లో ఎప్పటినుంచో తెగని తగవు ఒకటి ఉంది. డిగ్రీలో చేరినవాడు తన గ్రూపు సబ్జెక్టులే చదవాలా, మిగతావి కూడా చదవాలా అన్నది ఆ తగవు. బి.జెడ్.సి. వాడు చరిత్ర పుస్తకం పట్టుకుంటే పక్క మంచం వాడు నవ్వుతాడు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ గ్రూపు తమ్ముడు సైన్స్ పేజీ తిప్పితే నీకెందుకురా అంటారు. మనకు స్కాలర్‌షిప్ మూడేళ్ళే, ఇంటి దగ్గర ఎదురుచూపులు, ఒక ఏడాది పోతే మళ్ళీ రాదు. కాబట్టి ఆ నవ్వులో భయం కూడా ఉందని మాకు తెలుసు. రెడ్డి గారి జీవితం ఈ తగవుకు పనికొచ్చే జీవితం అని మా నమ్మకం. చదివి మీరే చెప్పండి.

రామలింగారెడ్డి గారు 1880 డిసెంబరు 10న పుట్టారు. ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఆయన మనలా ట్రంకు పెట్టె మోసుకొచ్చి, మెస్ గంట కోసం ప్లేటు పట్టుకుని నిలబడి చదివినవారు కారు. కలిగిన ఇంటి బిడ్డ. చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళగలిగారు. ఆ రోజుల్లో మన పెద్దల్లో ఎవరికైనా ఆ దారి తెరిచి ఉందా అంటే లేదనే చెప్పాలి. ఈ తేడా మరచిపోయి ఆయన్ను పొగిడితే అబద్ధమవుతుంది. అయితే దొరికిన చదువుతో ఆయన ఏం చేశారన్నది వేరే లెక్క.

క్రిస్టియన్ కాలేజీలో ఆయన చదివింది చరిత్ర, తత్త్వశాస్త్రం. కానీ అక్కడ తెలుగు విద్యార్థుల భాషాభిరంజని సమాజం 1899లో కావ్యరచన పోటీ పెడితే, పందొమ్మిదేళ్ళ ఈ చరిత్ర విద్యార్థి 'ముసలమ్మ మరణము' రాసి బహుమతి గెలుచుకున్నారు. కథ మన సీమదే. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి ఒక కోడలు ప్రాణం ఇచ్చిందన్నది జనంలో నిలిచిన కథ. సి.పి. బ్రౌన్ సేకరించిన అనంతపురం చరిత్రలో ఆ కథ ఉంది. రాజులూ రాణులూ లేని కథ, చివరికి చావుతో ముగిసే కథ, ఒక కాపు ఇంటి కోడలు నాయికగా ఉన్న కథ. అప్పటి తెలుగు కావ్యాలకు ఇది అలవాటు లేని సంగతి. చరిత్ర పుస్తకాలు తిరగేసే అలవాటు ఉన్నవాడికే ఆ కథ కంట పడింది, పద్యం రాయడం వచ్చినవాడికే అది కావ్యమయింది. ఒక్క కుర్రాడిలో రెండూ ఉండటం వల్ల తెలుగుకు ఒక కొత్త కావ్యం దక్కింది. కొత్త తెలుగు కవిత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఈ చిన్న పుస్తకాన్ని తప్పకుండా తలుస్తారు.

1902లో బి.ఏ. మంచి శ్రేణిలో పూర్తి చేసి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. మళ్ళీ చరిత్రే. అక్కడి పద్ధతి ప్రకారం ఒకే శాస్త్రాన్ని లోతుగా తవ్వాలి. పరీక్ష అంతా దాని మీదే. రెడ్డి గారు ఆ పరీక్షలో నెగ్గారు, కానీ సాయంత్రాలు యూనియన్ సభలో గడిపారు. యూనియన్ అంటే విద్యార్థుల చర్చావేదిక. రాజకీయం, అర్థశాస్త్రం, సామ్రాజ్యం, మతం, అన్నీ అక్కడ వాదనకు వచ్చేవి. ఆంగ్లేయ విద్యార్థుల మధ్య నిలబడి వాదించి ఆ యూనియన్‌కు వైస్ ప్రెసిడెంటుగా ఎన్నికయ్యారు. అప్పట్లో ఒక భారతీయుడికి ఇది చిన్న గౌరవం కాదు. తరువాత శాసనసభలో, సెనేటులో ఆయన మాటకు పదును వచ్చింది ఆ చర్చావేదికలోనే అని ఆయన జీవితం చదివిన వాళ్ళందరికీ తోస్తుంది. ప్రశ్నపత్రంలో లేని చదువు అది.

కేంబ్రిడ్జి తరువాత అమెరికా వెళ్ళి అక్కడి విద్యావిధానం చూశారు. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికా కాలేజీల్లో మన తగవు లాంటి తగవు నడుస్తోంది. హార్వర్డులో ఎలియట్ అనే అధ్యక్షుడు నలభై ఏళ్ళు పదవిలో ఉండి, విద్యార్థి తనకు నచ్చిన సబ్జెక్టులు తానే ఏరుకునే పద్ధతి తెచ్చాడు. కొందరు తేలికైనవి ఏరుకుని బయటపడుతున్నారని గొడవ వచ్చింది. 1909లో ఆయన దిగిపోయాక వచ్చిన లోవెల్, ప్రతి విద్యార్థీ ఒక సబ్జెక్టులో లోతుగా చదవాలి, దాంతోపాటు మిగతా శాస్త్రాల నుంచి కూడా కొన్ని తప్పనిసరిగా చదవాలి అని కట్టడి పెట్టాడు. ఈ రోజు మనం మేజర్, మైనర్ అనుకుంటున్నదానికి అది ముత్తాత వంటిది. ఇంగ్లండులో ఒకే శాస్త్రం, అమెరికాలో నచ్చినన్ని శాస్త్రాలు. రెండు చోట్లా తిరిగి చూసిన తెలుగువాళ్ళు ఆ రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

తిరిగివచ్చి బరోడా కాలేజీలో చేరారు. అరవింద ఘోష్ పాఠాలు చెప్పి విడిచిపెట్టిన కాలేజీ అది. బరోడా అనగానే మన హాస్టల్లో ప్రతివాడికీ గుర్తుకొచ్చే పేరు వేరే ఉంది. ఆ సంస్థానాధిపతి శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదే 1913లో అంబేద్కర్ గారు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగుదాం. అంబేద్కర్ గారి ముఖ్య సబ్జెక్టు అర్థశాస్త్రం. డాక్టరేటు కూడా అందులోనే. అయినా ఆయన కొలంబియాలో చరిత్ర, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం, రాజనీతి తరగతులన్నిటికీ వెళ్ళి కూర్చున్నారు. కులం ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది అన్న ఆయన మొదటి ప్రసిద్ధ వ్యాసం 1916లో చదివింది అర్థశాస్త్ర తరగతిలో కాదు, మానవశాస్త్ర సెమినారులో. తన గ్రూపు పేపర్లు మాత్రమే చదువుకుని వచ్చి ఉంటే మనకు రూపాయి సమస్య మీద పుస్తకం దక్కేది, కులం మీద ఆ వ్యాసం దక్కేది కాదు. నీకెందుకురా అనే మిత్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

రెడ్డి గారు బరోడాలో ఎక్కువ కాలం లేరు. 1909 ప్రాంతంలో మైసూరు మహారాజా కాలేజీకి వచ్చారు. అక్కడ చరిత్ర చెప్పారు, ప్రిన్సిపాల్ అయ్యారు, 1918 నుంచి సంస్థానం విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఈ పన్నెండేళ్ళు మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైనవిగా కనిపిస్తాయి.

మొదటి కారణం, ఆయన రాతలు. చరిత్ర ప్రొఫెసరు ఉద్యోగం చేస్తూనే తెలుగులో అర్థశాస్త్రం రాశారు. ధర ఎలా ఏర్పడుతుంది, కూలి ఎందుకు పెరగదు, పన్ను ఎవరి నెత్తిన పడుతుంది అన్న సంగతులు ఇంగ్లీషు రాని తెలుగువాడికి కూడా తెలియాలని చేసిన పని అది. అప్పటికి ఆ శాస్త్రానికి తెలుగులో మాటలే సరిగా లేవు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వచ్చింది. ప్రబంధ కవుల వర్ణనల మోజును అంత సూటిగా తప్పుపట్టిన పుస్తకం అంతకు ముందు తెలుగులో లేదు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పైకెత్తి, అలవాటు ప్రకారం మెచ్చుకుంటున్న కావ్యాలను నిలదీశారు. పండితులు మండిపడ్డారు. ఆ విమర్శలో కవిత్వం మాత్రమే లేదు. సమాజం ఎలా ఉంటే కవిత్వం అలా ఉంటుందన్న చరిత్రకారుడి చూపు ఉంది. తెలుగు మాత్రమే చదివిన పండితుడు ఆ పుస్తకం రాయలేడు, చరిత్ర మాత్రమే చదివిన ప్రొఫెసరూ రాయలేడు. ఆయన తీర్పులన్నీ ఒప్పుకోవాలని లేదు. కొన్ని మరీ దురుసుగా ఉంటాయని తరువాతి విమర్శకులు అన్నారు, మాకూ అలాగే అనిపించింది. కానీ తెలుగులో ఆధునిక విమర్శ అక్కడి నుంచి లెక్కపెట్టడం పరిపాటి అయింది.

రెండో కారణం మైసూరు విశ్వవిద్యాలయం. 1916లో నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ కాలంలో, విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉండగా అది ఏర్పడింది. సంస్థానాల్లో పుట్టిన మొదటి విశ్వవిద్యాలయం అది. దానికి ముందు దేశదేశాల విశ్వవిద్యాలయాలను పరిశీలించి రూపురేఖలు సిద్ధం చేసిన వారిలో రెడ్డి గారు, థామస్ డెన్హామ్ ముఖ్యులు. అంతవరకు మన దేశంలోని విశ్వవిద్యాలయాలు ఎక్కువగా పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చే కచేరీలు. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో పుట్టినప్పటి నుంచి అదే తీరు. మైసూరులో పాఠం చెప్పే విశ్వవిద్యాలయం కావాలనుకున్నారు. ఒక ఏడాది ప్రవేశ తరగతి, ఆపైన మూడేళ్ళ డిగ్రీ అన్న పద్ధతి పెట్టారు. తరగతిలో లేని ఊరి జనానికి కూడా ఉపన్యాసాల ద్వారా చదువు అందాలన్న ఆలోచన ఆ విశ్వవిద్యాలయానికి మొదటి నుంచీ ఉంది.

మూడో కారణం మనకు ఇంకా దగ్గరిది. ఆయన విద్యాశాఖ పెద్దగా ఉన్న రోజుల్లో మైసూరు సంస్థానంలోని ప్రభుత్వ బడులను అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు కూడా తెరవాలన్న పట్టుదల చూపించారు. పెద్ద కులాల వారి నుంచి వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గలేదు. సబ్జెక్టుల మధ్య గోడలు తీయడం గురించి చాలామంది మేధావులు మాట్లాడతారు. బడి గోడ అవతలే నిలబడ్డ పిల్లవాడికి ఆ మాటతో పనిలేదు. ముందు వాణ్ణి లోపలికి రానివ్వాలి. ఈ రెండూ ఒకే మనిషి చేతుల్లో జరిగాయి గనుకనే ఈ సంచికలో ఆయనకు చోటు ఇచ్చాం.

1921లో మైసూరు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. ఈ భాగం మేము త్వరగా దాటేస్తాం. మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ తరఫున ఉండి, తరువాత ఆ పార్టీ నాయకుడు పానగల్ రాజా గారితోనే విభేదించి, 1923 నవంబరులో ఆయన మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65 మంది ఎదురుగా, 44 మంది అనుకూలంగా ఓటు వేయడంతో అది వీగిపోయింది. ఆ తరువాత కూడా ఆయన ఏ పార్టీలోనూ కుదురుగా ఇమడలేదు. కాంగ్రెస్ వారి పాలనను విమర్శిస్తూ 1940లో ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. రాజకీయాల్లో ఆయన సాధించింది తక్కువేనని చెప్పక తప్పదు. ఎదుటివాడు నొచ్చుకుంటాడని చూడకుండా చమత్కారం విసిరే నోరు అక్కడ పనికిరాదేమో.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మొదట బెజవాడలో ఉండేది, 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ రెడ్డి గారే. భవనాలు లేవు, డబ్బు లేదు, ఏ ఊళ్ళో ఉండాలన్నదాని మీద జిల్లాల మధ్య పోట్లాట. విశ్వవిద్యాలయ చిహ్నాన్ని చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి చేత గీయించారు. తెలుగు పండితులకు, కవులకు 'కళాప్రపూర్ణ' బిరుదుతో గౌరవ పట్టాలు ఇవ్వడం మొదలైంది ఆ తొలి రోజుల్లోనే. బి.ఏ. అయినా ఎం.ఏ. అయినా లేని మనిషి కూడా విశ్వవిద్యాలయం ముందు విద్వాంసుడుగా నిలబడగలడని చెప్పే పద్ధతి అది. రెడ్డి గారు రెండోసారి వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1938లో గిడుగు రామమూర్తి గారికి ఆ గౌరవం దక్కింది. గిడుగు వారు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే పంతులు. తన సబ్జెక్టు కాని సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే బడి పెట్టి చదువు చెప్పారు. వాడుక తెలుగు కోసం పోరాడారు. ఇదీ గ్రూపు దాటిన చదువే.

1930లో ఉప్పు సత్యాగ్రహం నడుస్తుండగా ప్రభుత్వం జనాన్ని అణచివేస్తున్న తీరుకు నిరసనగా రెడ్డి గారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ స్థానంలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. వీరిద్దరికీ మైసూరు నుంచే పరిచయం. రాధాకృష్ణన్ గారు 1918లో అక్కడ తత్త్వశాస్త్ర ప్రొఫెసరుగా చేరారు. ఆయన కూడా మన వైపు వారే. తిరుత్తణిలో పుట్టి, తిరుపతి మిషన్ బడిలో చదువుకున్నారు. 1936 వరకు వాల్తేరులో ఉండి ఆర్ట్స్ విభాగాలు, సైన్స్ కళాశాల నిలబెట్టారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ భారీ విరాళం ఇవ్వడంతో ఆ సైన్స్, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. విక్రమదేవ వర్మ గారు సాహిత్యాభిమాని. సాహిత్యం ప్రేమించే రాజు డబ్బుతో ప్రయోగశాలలు లేచాయన్నమాట. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా రెడ్డి గారు తిరిగివచ్చి 1949 దాకా ఉన్నారు.

ఈ పదమూడేళ్ళలో అతి కష్టమైన కాలం యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులు, అధ్యాపకులు, అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. యుద్ధం ముగిశాక మళ్ళీ వాల్తేరు చేరారు. ఆ 1942లోనే ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఇక్కడ మన సీమ వాళ్ళకు ఒక నొప్పి ఉంది, దాచుకోవలసిన పనిలేదు. చిత్తూరు బిడ్డ నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయం రాయలసీమకు అందలేదు. సీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు, కానీ ఆయన కాలంలో అది జరగలేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి రెడ్డి గారు లేరు. ఇందులో ఆయన తప్పు ఎంత, జిల్లాల రాజకీయాల తప్పు ఎంత అన్నది చరిత్ర విద్యార్థులు తేల్చాలి.

రెడ్డి గారు వాల్తేరు వదిలిన 1949లోనే రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా సంఘం నివేదిక ఇచ్చింది. స్వతంత్ర భారతంలో మొదటి విద్యా సంఘం అది. జాకీర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, లక్ష్మణస్వామి మొదలియార్ వంటి వారు సభ్యులు. అందులో సామాన్య విద్య గురించి కూడా చెప్పారు. సైన్స్ చదివేవాడికి సాహిత్యం, సమాజం తెలియాలి. ఆర్ట్స్ చదివేవాడికి ప్రకృతి శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో తెలియాలి. ఒకే శాస్త్రం చదివి బయటికొచ్చినవాడు మంచి పనివాడు కావచ్చు గాని, ఓటు వేసే పౌరుడిగా అరకొరగా మిగులుతాడు. సంఘం వారి వాదన స్థూలంగా ఇదీ. మైసూరులో, వాల్తేరులో గడిపిన ఏళ్ళ అనుభవం అధ్యక్షుడికి ఉంది. ఆ మాటలు గాలిలోంచి వచ్చినవి కావు.

ఆ నివేదిక మన దాకా ఎలా వచ్చిందో పూర్వ విద్యార్థులకు బాగా తెలుసు. మన డిగ్రీల్లో 'ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్', 'సైన్స్ అండ్ సివిలైజేషన్' అనే పేపర్లు ఉండేవి. సైన్స్ వాడికి సంస్కృతి, ఆర్ట్స్ వాడికి విజ్ఞానం చెప్పాలన్న మంచి ఉద్దేశం. చాలాచోట్ల జరిగింది వేరు. ఖాళీ పీరియడ్ ఉన్న లెక్చరరుకు ఆ పేపరు అంటగట్టేవారు. పరీక్ష ముందు రాత్రి గైడు కొని, పది ప్రశ్నలు బట్టీ పట్టి, పొద్దున రాసి మధ్యాహ్నానికి మరచిపోయేవాళ్ళం. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్, తోడుగా ఒక మైనర్ అన్న పద్ధతి తెచ్చారు. మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి ఒక్కటే ముఖ్యమైంది. పేరుకు మైనర్ ఉన్నా, కాలేజీలో ఏ లెక్చరరు ఉంటే అదే మైనర్ అయ్యే ప్రమాదం ఉందని మా అనుమానం. పెద్ద నగరంలో నలభై విభాగాలున్న విశ్వవిద్యాలయంలో ఏరుకోవడం వేరు. చిన్న ఊరి కాలేజీలో, సగం పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఏరుకోవడం వేరు. విశాలమైన చదువు కావాలంటే ముందు చెప్పే మనుషులు కావాలి, గ్రంథాలయం కావాలి. సిలబస్ పేజీ మీద మైనర్ అని అచ్చువేస్తే చాలదు.

అంతమాత్రాన మనం చేయగలిగింది ఏమీ లేదా అంటే ఉంది. మన గూడూరునే తీసుకోండి. సైదాపురం వైపు అభ్రకం గనులు ఎందరికో కూడు పెట్టాయి. జియాలజీ చదివిన తమ్ముడికి అభ్రకం ఏ రాతిలో దొరుకుతుందో తెలుసు. కరెంటు పరికరాల్లో దాన్ని ఎందుకు వాడతారో ఫిజిక్స్ తమ్ముడికి తెలుసు. కానీ గనులు ఎందుకు చతికిలబడ్డాయో ఆ రెండు పుస్తకాల్లో లేదు. దానికి బదులుగా కృత్రిమ పదార్థాలు వచ్చాయి. మన అభ్రకాన్ని పెద్దఎత్తున కొంటున్న సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. ఇది చరిత్ర, అర్థశాస్త్రం. రేకులు విడదీసే పనిలో ఆడవాళ్ళే ఎక్కువ ఎందుకున్నారు, వాళ్ళ కూలి ఎందుకంత తక్కువ, గని దుమ్ముతో ఊపిరితిత్తులకు ఏమయింది అంటే ఇంకో రెండు శాస్త్రాలు కావాలి. ఆ గనుల్లో పనిచేసిన వాళ్ళ పిల్లలు మన హాస్టల్లో చదువుకున్నారు. తన ఇంటి కథ తనకు పూర్తిగా అర్థం కావాలంటే ఏ ఒక్క గ్రూపూ సరిపోదు. నిమ్మకాయల మార్కెట్ గురించి కూడా ఇలాగే చెప్పుకోవచ్చు. తోటలో చెట్టు బోటనీ, మండీలో ధర ఎకనామిక్స్.

అయితే పరీక్షలు పక్కన పెట్టి అన్నీ తిరగేయమని మేము చెప్పడం లేదు. రెడ్డి గారు కేంబ్రిడ్జి పరీక్ష వదిలేసి యూనియన్‌కు పోలేదు. చరిత్రలో మంచి శ్రేణి తెచ్చుకున్నారు, ఆ తరువాతే మిగతావి. తన సబ్జెక్టులో గట్టి పునాది లేనివాడు పది పుస్తకాలు తిప్పితే కబుర్లు వస్తాయి తప్ప చదువు రాదు. ఫీజు, స్కాలర్‌షిప్, హాజరు, ఇవన్నీ మన మెడ మీద ఉన్న మాట నిజం. అందుకే హాస్టల్ స్టడీ అవర్‌లో రెండు గంటలు సొంత సబ్జెక్టుకు ఇచ్చి, చివరి అరగంట పక్కవాడి పుస్తకానికి ఇవ్వాలన్నది మా ప్రతిపాదన. బి.కాం. తమ్ముడు బి.ఎస్సీ. తమ్ముడికి బ్యాలెన్స్ షీటు చెప్పాలి, వాడు వీడికి నీటిలో ఫ్లోరైడ్ ఎలా పరీక్షిస్తారో చెప్పాలి. ఆదివారం రాత్రి భోజనాల తరువాత చర్చావేదిక పెట్టుకోవచ్చు. దీనికి జి.ఓ. అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. వార్డెన్ గారు లైటు ఇంకో గంట ఉంచితే చాలు.

1949లో రెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయం విడిచి మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్ళారు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద వదిలిన చోటికే మళ్ళీ చేరారు. పెళ్ళి చేసుకోలేదు, జీవితమంతా ఒంటరిగానే గడిపారు. 1951 ఫిబ్రవరి 24న, డెబ్బయ్యేళ్ళ వయసులో కన్నుమూశారు. ఏలూరులో ఆయన పేరుతో కాలేజీ ఆయన బతికి ఉండగానే వెలిసింది. విశాఖలో స్నాతకోత్సవ మందిరానికి ఆయన పేరు ఉంది. 'వ్యాసమంజరి', 'పంచమి', పీఠికల సంపుటం ఇప్పటికీ పాత గ్రంథాలయాల్లో దొరుకుతాయి. 'ముసలమ్మ మరణము' చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. 'కవిత్వతత్త్వ విచారము' మాత్రం కొరుకుడు పడటానికి సమయం పడుతుంది, తెలుగు తీసుకున్న తమ్ముళ్ళ సాయం అడగండి. పూర్వ విద్యార్థులు ఎవరి దగ్గరైనా ఆయన అర్థశాస్త్రం పాత ప్రతి ఉంటే హాస్టల్ గ్రంథాలయానికి ఇవ్వమని మనవి. అట్ట చిరిగి ఉన్నా ఫరవాలేదు, బైండింగ్ మేము చేయించుకుంటాం.